మణెమ్మ బిందె

నరసరావుపేట,
8 జనవరి 2025

అత్తా,

ఉత్తరం చూసి భయపడకు. ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. ఫోను చేస్తే నీకు వినపడదు. మెసేజి పెడితే ఆ ఫోను వెంకటకృష్ణ బావ చేతిలో ఉంటుంది. నీ కొడుకు మంచివాడే, కానీ క్యాంపు కమిటీ ప్రెసిడెంటు నీకంటే ముందు చదవాల్సిన సంగతి కాదిది. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరులో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

తమ్ముడిని ఊరు వెలేసింది.

వెలి. కాలేజీలో ఇన్నేళ్ళుగా చరిత్ర చెబుతూ బోర్డు మీద ఎన్నోసార్లు రాసిన మాటే. మన ఇంటి మనిషి పక్కన రాయడం ఇదే మొదలు.

అక్టోబరులో కాలువ గట్టు మీద బెంజిమిన్‌ని కొట్టారు. అతను నీకు తెలియదు. మన పక్క చేను కౌలుకు చేస్తాడు. తన వంతు నీళ్ళు తను పెట్టుకుంటుంటే పెద్దిళ్ళ కుర్రాళ్ళు వచ్చి పార కామతో చెయ్యి విరగ్గొట్టారు. తమ్ముడు శ్రీహరి మిరపచేలో ఉండి చూశాడు. పోలీసులు అడిగితే చూసింది చెప్పాడు. అంతే. "ఊళ్ళో సంగతి గురజాల కోర్టుదాకా మోస్తాడా" అని పెద్దలు రామాలయం దగ్గర కూర్చున్నారు. సాక్ష్యం వెనక్కి తీసుకునేదాకా ఆ ఇంటితో ఎవరికీ మాటా పనీ ఉండకూడదని కట్టుబాటు పెట్టారు. మాట్లాడితే జరిమానా.

మొన్న ఆదివారం వెళ్ళాను. మిరపకాయ చెట్టునే పండి ఉంది, కోతకు ఒక్క మనిషి రాడు. పాలామె గుమ్మం దాటి పోతుంది. జ్యోతిర్మయి ఉప్పు కోసం పోతే కొట్టు అన్నపూర్ణ వదిన తల ఎత్తకుండా, "నువ్వు అడగమాకు జ్యోతీ, నీకు లేదనలేను నేను" అందట. మా మరదలు ఉప్పు లేకుండానే తిరిగొచ్చి, ఆ మాటకే ఏడ్చింది.

మార్చి పన్నెండున కోర్టులో వాయిదా. తమ్ముడు వెనక్కి తగ్గడు. ఆ రోజు దాటాక వాళ్ళు ఆ ఊళ్ళో ఎలా బతుకుతారో నాకు తెలియడం లేదు. కర్ణాటకలో మీ కోటయ్య క్యాంపులో ఒక ఇల్లు, కౌలుకు కాస్త భూమి దొరుకుతాయా? వాడిని ఊరొదలమనే హక్కు నాకుందా అన్నది వేరే అనుమానం. అది నా దగ్గరే ఉంచుకుంటాను.

నీ మేనకోడలు
హిమజ

*

కోటయ్య క్యాంపు,
సింధనూరు తాలూకా
18 జనవరి

హిమా,

నీ అక్షరాలు చీమలు పాకినట్టున్నయ్యి. ఈసారి పెద్దగా రాయి. చెవి మిషను వెంకటకృష్ణ కొనిపెట్టాడు గానీ పెట్టుకుంటే తల్లో పిండిమర ఆడినట్టుంటది. తీసి బియ్యం డబ్బాలో పడేశా. కళ్ళన్నా మిగలనియ్యి నాకు.

శ్రీహరిగాడు నోరు మూసుకోవాల్సింది. కోప్పడమాకు. నిజం చెప్పొద్దని కాదు. చెప్పినోడికి ఆ పూట కూడు ఎవరు పెడతారో చూసుకోని చెప్పాల.

మా సంగతి మీ నాయన నీకేం చెప్పాడు? చెల్లెలూ బావా తుంగభద్ర కాలువ కింద భూములు చేసుకోను పోయారని. మా అన్న శివరామయ్య పెద్దమనిషి, అట్టానే చెబుతాడు. మీ మామయ్య తమ్ముడు చచ్చిపోతే, వాడి పెళ్ళానికి ఈయనే నిలబడి మళ్ళీ పెళ్ళి చేశాడు. అంతే, ఊరు మమ్మల్ని బావి దగ్గరికి రానియ్యలా. మంగలి రాలా, చాకలి రాలా. జనం లెగవకముందే బండి కట్టాం. సగం గిన్నెలు అక్కడే వదిలేశాం. ఇక్కడికొచ్చి చూస్తే పక్క బండోడు అప్పులకి పారిపోయొచ్చాడు, ఆ పక్కనోడి మీద కేసు. ఒక్కడన్నా నిజం చెబితేగా! అందరం భూమి కోసమే వచ్చామన్నాం. యాభై ఏళ్ళు చెప్పినాక అదే నిజమైంది. ఇయ్యాల సింధనూరులో మమ్మల్ని కష్టజీవులంటారు.

ఈ ఏడు క్యాంపు సర్కారు లెక్కల్లో ఊరుగా ఎక్కింది. అందుకని మార్చి తొమ్మిదో తారీకు ఆదివారం ఊరి నడిమధ్య బొడ్రాయి వేస్తన్నారు. నీకు గుర్తుందో లేదో, రాయి వేసే నాడు పొలిమేర చుట్టూ తాడు కడతారు. తెల్లారేసరికి తాడు లోపలున్న ఇల్లు ఊరిది, బయటున్నది కాదు. పూజయ్యేదాకా లోపలోళ్ళు పోకూడదు, బయటోళ్ళు రాకూడదు. ఇంటికొక బిందె నీళ్ళు రాయి మీద పొయ్యాల. ఇక్కడికి ముందొచ్చినోళ్ళల్లో మిగిలిన పెద్దదాన్నని మొదటి బిందె నాకిచ్చారు.

శ్రీహరి ఆలోపే దిగాల. పడమటీధిలో ఇల్లు ఖాళీగా ఉంది. రెండు గదులు, వసారా, ముందు జామచెట్టు. వెంకటకృష్ణ సరేనన్నాడు. కోర్టుకి ఇక్కణ్ణుంచి వచ్చి చెప్పుకోమను. ఒకటే మాట. కౌలుకి భూమి చేసుకోను వచ్చామనాల. వెలి ఊసు ఇక్కడ ఎత్తకూడదు.

మీ అత్త
వీరరాఘవమ్మ

*

నరసరావుపేట,
28 జనవరి

అత్తా,

పెద్ద అక్షరాలే రాస్తున్నాను, చూడు.

నీ ఉత్తరం తమ్ముడికి చదివి వినిపించడం నా తప్పు. 'నోరు మూసుకోవాల్సింది' దగ్గర నవ్వాడు. 'కౌలుకి వచ్చామనాల' దగ్గర లేచి పశువుల పాకలోకి పోయాడు. "అత్త కూడా ఊరి పెద్దల మాటే మాట్లాడుతోందక్కా. ఇక్కడ అబద్ధం ఆడనన్నందుకు పోతూ, అక్కడ అబద్ధం ఆడి దిగమంటదా?" అన్నాడు. జ్యోతిర్మయి మాత్రం, "ముందు పొయ్యి వెలిగే చోటుకి పోదాం, నిజం తర్వాత చెప్పుకుందాం" అంటోంది. ఇద్దరి మాటా నాకు సరిగ్గానే తోస్తుంది. అదే నా జబ్బు.

కోతలు మొదలయ్యాయి. బెంజిమిన్ చేతికట్టుతోనే వచ్చాడు. భార్య నిరోష, వాళ్ళ వీధి ఆడవాళ్ళు నలుగురు వచ్చారు. ఆదివారాలు నేనూ పోతున్నాను. వాళ్ళు రెండు సాళ్ళు కోసేలోగా నేను ఒకటి కోసి వేళ్ళు మండి కూర్చుంటాను. "మీరు పుస్తకాలే కొయ్యండి మేడమ్" అని నిరోష ఆటపట్టిస్తుంది. వచ్చినందుకు వాళ్ళ వీధికి కూడా ఊళ్ళో పనులు ఆపేశారు.

నువ్వు రాసింది రోజూ తలుచుకుంటున్నాను. వెలి గురించి ఒక పాఠంలో చెబుతాను, వలస గురించి ఇంకో పాఠంలో. మధ్యలో దసరా సెలవులొస్తాయి. రెండూ ఒకే బండిలో పోతాయని ఏ ఏడూ చెప్పలేదు. వెళ్ళగొట్టించుకున్నవాడూ, కొత్త నేలకు పోయేవాడూ చేసే మొదటి పనులన్నీ ఒకటే కదా. వెనక్కి చూడకపోవడం, పొయ్యికి మూడు రాళ్ళు పెట్టడం, అడిగినవాళ్ళకు కొత్త కథ చెప్పడం. మరి వెలిపడ్డవాణ్ణి తలదించుకోమంటాం, ఊరు కట్టినవాడికి దండవేస్తాం. ఎన్నేళ్ళు గడిస్తే ఒకడు ఇంకొకడవుతాడు? ఇది పాఠంలా ఉందని నవ్వకు.

ఒకటి అడగాలి. ఆ ఇల్లు ఎందుకు ఖాళీగా ఉంది? కాపుకొచ్చిన జామచెట్టుని ఎవరు వదిలిపోతారు?

హిమజ

*

కోటయ్య క్యాంపు,
7 ఫిబ్రవరి

హిమా,

ఇల్లు ఎవరిదైతే మీకేంది. పోయినోళ్ళు పోయారు. గోడలు గట్టియ్యి, రేకులు కారవు.

నేను ఊరి పెద్దల మాట మాట్లాడుతున్నానంట! వాడు నా ఒళ్ళో పెరిగితే తెలిసేది. నేను అబద్ధం ఆడమన్నది వాడి కోసం కాదు, జ్యోతి కోసం. ఆ పిల్ల ఇక్కడన్నా నలుగురిలో తల ఎత్తుకోని నీళ్ళు తెచ్చుకోవద్దా? మీరు చదువుకున్నోళ్ళు. మీకు మాటే ముఖ్యం. నాకు బిందె ముఖ్యం.

వాణ్ణి ఒకసారి వచ్చి కళ్ళతో చూసుకోని పొమ్మను. శివరాత్రికి ముందే రమ్మను. ఆ తర్వాత బొడ్రాయి పనుల్లో మాకు ఊపిరాడదు.

జామకాయలు కోయించి పంపుతా. నీకెట్టాగూ అనుమానం, కడుక్కోని తిను.

అత్త

*

నరసరావుపేట,
22 ఫిబ్రవరి

అత్తా,

మన కల్లం తగలబెట్టారు. ఆరబోసిన కాయంతా పోయింది. తెల్లారి ఊరు ఊరంతా ఘాటుకి దగ్గుతూ కూర్చుంది గానీ, ఎవరూ ఏమీ చూడలేదట. చూసింది చెబితే ఏమవుతుందో వాళ్ళ ఎదురుగానే ఉందిగా.

అప్పుడు తమ్ముడు మీ దగ్గరే ఉన్నాడు. నువ్వు వాడికి పూరీలు చేసి పెట్టావట, బావ భూమి చూపించాడట, అన్నీ చెప్పాడు. ఇంకోటి కూడా చెప్పాడు. ఆ ఇంటి వసారాలో మూల ఒక ఇత్తడి బిందె బోర్లించి ఉందట. తిప్పి చూస్తే మెడ మీద చుక్కలతో పేరు కొట్టి ఉంది. 'మణెమ్మ, బెల్లంకొండ'. మన వైపు మనిషి. ఆమె పేరు మా చిన్నప్పుడు నీ నోట ఎన్నిసార్లు విన్నాం అత్తా! క్రాసురోడ్డు దగ్గర టీ కొట్టు షబ్బీర్‌ని వీడు అడిగాడు.

మణెమ్మ కొడుకు బాబూరావు, క్యాంపు పెద్దలు కాలువకు దొంగ మోటార్లు పెట్టి చివరి చేలకు నీళ్ళు రానివ్వడం లేదని ఆఫీసుకి ఫొటోలు పంపాడట. "మన సంగతి బయట పెట్టాడు" అని మీ కమిటీ వాళ్ళను వెలేసిందట. ఆ కాగితం మీద మొదటి సంతకం వెంకటకృష్ణ బావది.

గిన్నెలు సగం అక్కడే వదిలేశామని నువ్వే రాశావు. పేరు కొట్టించుకున్న బిందెను ఎవరూ మరిచిపోరు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది అది కూడా కాదు. తమ్ముడు ఆ ఇంటికి సరేనంటున్నాడు. కాలిన కల్లం చూసొచ్చి, "ఎవరిల్లయితే నాకేందక్కా, పైన రేకు ఉందిగా" అన్నాడు. జనవరిలో పాకలోకి లేచిపోయిన మనిషేనా అని చూశాను. వద్దని చెప్పాలనుంది. నాకు పేటలో కొళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. నేనెవర్ని చెప్పడానికి?

నువ్వు ఆ మీటింగులో ఉన్నావా? ఒక్కటే రాయి, చాలు.

హిమజ

*

కోటయ్య క్యాంపు,
1 మార్చి

హిమా,

ఉన్నా. ముందు కుర్చీలోనే ఉన్నా. ఏం మాట్లాడుకున్నారో వినపడలా. చేతులెత్తమన్నారు, ఎత్తా. వినపడకపోయినా దేనికెత్తుతున్నానో తెలుసు. చెవుడు చానా పనికొచ్చే జబ్బు.

ఒకసారి తోయించుకున్నోళ్ళు ఇంకొకళ్ళని తొయ్యరనుకుంటన్నావు నువ్వు. అది మీ పుస్తకాల్లో. ఇక్కడ ప్రతోడికీ భయం, ఏ పూట ఎవడొచ్చి మీది ఏ ఊరంటాడోనని. ఆ భయంలో పక్కోణ్ణి చూపిస్తాం, నేను కాదు వాడు, అని. వెంకటకృష్ణ చెడ్డోడు కాదు. వాడు ఇక్కడే పుట్టాడు, ఊరు లేకుండా పెరిగాడు. ఊరైందంటే వాడికి పిచ్చి.

వాణ్ణి బండి నీడలో నేను కంటే, బొడ్డు కోసింది మణెమ్మే. మొదటేడు మా ఇద్దరికీ కలిపి ఉన్నది ఆ బిందె ఒక్కటే. ఆమె కాలవనుంచి తెస్తే నేను కాచేదాన్ని.

నీ ఉత్తరం చదివినాక చివరి కాలవ దాకా నడిచి పోయా. బాబూరావు తుమ్మ కొట్టి చదును చేస్తన్నాడు. పట్టా కప్పిన పాక. చీరె కట్టిన తడిక. మణెమ్మ మూడు రాళ్ళ మీద ఎసరు పెడతంది. నన్ను చూసి లెగవలా. "ఏం, దారి తప్పొచ్చావా?" అంది. పెదాలు చూస్తే తెలిసింది. తప్పానన్నా. కూర్చున్నా. నీ లెక్చరు గుర్తొచ్చింది. మేమొచ్చిన ఏడు మమ్మల్ని ఫొటో తీసుంటే అచ్చం అట్టానే ఉంటది. వీళ్ళు వెలోళ్ళా, భూమికొచ్చినోళ్ళా? తేడా నాకు కనపడలా.

శ్రీహరిని తొమ్మిదో తారీకు దాటేదాకా పంపమాకు. ఆ ఇంట్లో దిగడానికి లేదు. ఎందుకని అడగమాకు. రాస్తే ఈ కవరు ఎవరన్నా చూస్తారు.

అత్త

*

నరసరావుపేట,
6 మార్చి

అత్తా,

అర్థమైంది. మీ తాడు కట్టే రోజుకు మావాడు లోపల ఉండకూడదు. వెలి సంగతి బావకు తెలిసి ఉంటుంది, కమిటీ ఒప్పుకోలేదు. అది నేరుగా రాయలేక మణెమ్మ పాక కథ చెప్పావు. నువ్వు ఆమె దగ్గర కూర్చున్నావు, సంతోషం. కూర్చుని మళ్ళీ ఇంటికొచ్చి పడుకున్నావు కదా.

ఇక నిన్ను ఇబ్బంది పెట్టను. పేటలో మా రెండు గదుల్లోనే సర్దుకుంటాం. జామకాయలు అందాయి.

హిమజ

*

కోటయ్య క్యాంపు,
11 మార్చి

హిమా,

నీ ఉత్తరం ఇయ్యాలే చేరింది. ఏడుద్దామనుకున్నా గానీ నవ్వొచ్చింది. నిన్ను తిట్టడం తర్వాత. ముందు ఇది చదువు.

శనివారం పొద్దుగూకే ముందు ఆ ఇంట్లో బిందె తీసుకోని చివరి కాలవకి పోయా. కోడలికి రాత్రికి గుడిలో పడుకుంటానని చెప్పా. మణెమ్మకి బిందె ఇస్తే తిప్పి తిప్పి చూసి, "చింతపండేసి తోమలేదే దీన్ని ఎవరూ" అంది. ఆడనే పడుకున్నా. తెల్లారేసరికి తాడు కట్టేశారు, మేము బయటున్నాం. బిందె నింపి, కాలవ గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం.

సన్నాయి మొదలైందంట, నాకేం తెలుసు. జనం కదలటం చూసి అనుకున్నా. మొదటి బిందె రాలా. ఇల్లూ గుడీ వెతికారు. వెంకటకృష్ణ తాడు దాకా పరిగెత్తుకుంటా వచ్చాడు. పట్టుపంచె, కండువా, మొహం ఎర్రగా. తాడు దాటకూడదు కదా, అక్కడే నిలబడి అరుస్తన్నాడు. వాడి వెనకాల కమిటీ మొత్తం అరుస్తంది. చేతులు ఊపుతున్నారు. నేను చెవి చూపించి తల అడ్డంగా ఊపా. మణెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వుతంది, బాబూరావు ఊరుకోమని సైగ చేస్తన్నాడు.

పంతులు వచ్చి ముహూర్తం పోతంది అన్నట్టు చేతి గడియారం చూపించాడు. బయటోళ్ళు లోపలికి రాకూడదు. లోపలోళ్ళు బయటికి రాకూడదు. మొదటి బిందె లేకుండా రాయి నిలవకూడదు. వాళ్ళు పెట్టుకున్న కట్టుబాట్లేగా అయ్యన్నీ! వాడు నన్ను చూశాడు, నా పక్కన మణెమ్మని చూశాడు, బిందె మీద పేరు చూశాడు. తర్వాత వంగి తాడు కట్టిన మేకు పీకాడు. ఒక్కడే. ఇంకెవరూ చెయ్యి వెయ్యలా. తాడు లాక్కోని వచ్చి మా పాక వెనకమాల కట్టి, నా మొహం చూడకుండా పోయాడు.

మొదటి బిందె మణెమ్మ పోసింది. నేను ఒక చెయ్యి వేశా. నాలుగిళ్ళోళ్ళు నీళ్ళు పొయ్యకుండా తలుపులేసుకున్నారు. ఇప్పుడు మా ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడటం లా. నాకేం, మాట్లాడినా వినపడదు.

మణెమ్మ ఆ ఇంటికి తిరిగిరానంది. చదును చేసుకున్న చోటే ఉంటదంట. "మీ మేనల్లుడికి ఇల్లు కావాలంటే నన్నడగమను. కౌలుకొచ్చానంటే ఇవ్వను. ఎందుకొచ్చాడో చెబితే ఇస్తా" అంది. నేను చెప్పమన్న అబద్ధం ఆమెకి ఎట్టా తెలిసిందో. అందరం అదే చెప్పినోళ్ళమేగా.

ఇది చేరేసరికి వాడు సాక్ష్యం చెప్పేసుంటాడు. ఇంక రమ్మను.

అత్త

*

నరసరావుపేట,
18 మార్చి

అత్తా,

ఆరో తారీకు ఉత్తరం చింపి పొయ్యిలో వెయ్యి. నేను చేసే తప్పుల్లో ఇది కొత్తది: ఎప్పుడూ అన్నిటినీ అనుమానిస్తాను, ఆ రోజు మాత్రం నా అనుమానాన్ని అనుమానించలేదు.

తమ్ముడు సాక్ష్యం చెప్పాడు. కోర్టు బల్లలన్నీ మన ఊరివాళ్ళతో నిండిపోయి ఉంటే, వాళ్ళ ఎదుటే చెప్పాడు. తీర్పు ఎప్పుడో, ఎటో తెలియదు. బెంజిమిన్ వాళ్ళు ఇక్కడే ఉంటామన్నారు. తమ్ముడు పోతున్నందుకు వాళ్ళకు కోపమో కాదో తేల్చుకోలేకపోయాను. ఇది గెలిచి పోవడమా ఓడి పోవడమా అన్నది కూడా అంతే. మణెమ్మగారు అడిగితే ఎందుకొచ్చాడో వాడే చెబుతాడు. బస్సులో రెండుసార్లు నా మీద ప్రాక్టీసు చేశాడు.

నిన్న ఊళ్ళో సామాను సర్దాం. చీకటితో పోదామని లారీవాడు అన్నాడు. జ్యోతిర్మయి వద్దంది. నీ సగం గిన్నెల సంగతి చెప్పానులే తనకు. మిట్టమధ్యాహ్నం బయలుదేరతామని చెప్పి, పొద్దున్నే పెళ్ళినాటి ఇత్తడంతా వీధి అరుగు మీద పరిచి తోమడం మొదలుపెట్టింది. ప్రతి గిన్నె మీదా తన పేరు. ఎదురు అరుగుల మీద జనం చేరి చూస్తున్నారు. పీచు చప్పుడు తప్ప వీధిలో ఇంకేం లేదు.

చింతపండు చాల్లేదు. కొట్టు వైపు చూసి తల దించుకుంది. కాసేపటికి అన్నపూర్ణ వదిన కొట్టు దిగింది. చింతపండు ఉండ పట్టుకుని, వీధి మధ్యలోంచి, రామాలయం ముందునుంచి వచ్చింది. అరుగు మీద పెట్టేసి పోతుందనుకున్నాను. పోలేదు. బిందె చేతిలోకి తీసుకుని ఎండకు తిప్పి చూసింది.

"అడుగున మసి పోలా జ్యోతీ. ఇంకాస్త రుద్దు" అంది.

అందరికీ వినపడేలాగే అంది. ఆ మాటకు జరిమానా ఎంతో నాకు తెలియదు.

నీ
హిమ